తిరుమలలో పెళ్ళి, అమెరికాలో భర్త: స్పౌజ్ వీసా కాగితాల్లో ముందు ఏది, తర్వాత ఏది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన పరిస్థితి ఇదీ. ఫిబ్రవరిలో తిరుమల కళ్యాణ వేదికలో మీ పెళ్ళయింది. ఆయన అమెరికా పౌరుడు, న్యూజెర్సీలో ఉద్యోగం. పెళ్ళయిన పది రోజులకు వెళ్ళిపోయి, మళ్ళీ డిసెంబరులో మూడు వారాలు వస్తున్నారు. పెళ్ళి రిజిస్టర్ కాలేదు. మీరు 1996లో పలమనేరులో పుట్టారు, బర్త్ సర్టిఫికెట్ లేదు. పాస్‌పోర్టులో మీ పేరంతా ఒకే గడిలో ఉంది, ఇంటిపేరు గడి ఖాళీ. ఒక ఏజెంటు "అన్ని కాగితాలూ కొత్తగా చేయించేద్దాం" అంటున్నాడు. దేనితో మొదలుపెట్టాలని అడిగారు.

సూటిగా చెబుతాను. ముందు పాస్‌పోర్టులో పేరు, డిసెంబరులో పెళ్ళి రిజిస్ట్రేషన్, ఆ వెంటనే ఆయన వైపు నుంచి ఐ-130 పిటిషన్, అంటే ఈమె నా భార్య అని అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖకు ఆయన పెట్టే దరఖాస్తు. బర్త్ సర్టిఫికెట్ పని ఈలోగా పక్కన నడుస్తుంది. పోలీస్ క్లియరెన్స్, అంటే మీ మీద కేసులు లేవనే సర్టిఫికెట్, అన్నిటికన్నా చివర. ఏజెంటు చెప్పినట్టు అన్నీ కొత్తగా చేయించొద్దు. ఎందుకో కింద రాస్తాను.

నేను తిరుపతిలో పదహారేళ్ళుగా ఈ కాగితాల పనే చేస్తున్నాను. తెలుగు సర్టిఫికెట్లకు ఇంగ్లీషు అనువాదాలు, అఫిడవిట్లు, వీసా ఫైళ్ళు. మా అమ్మాయి ఫైలు కూడా నేనే సిద్ధం చేశాను. కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు. లాయరును కాను. పాత కేసులు, వీసా తిరస్కరణలు ఏమైనా ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మీరు రాసినదాంట్లో అలాంటివి కనబడలేదు.

ముందు పెళ్ళి సర్టిఫికెట్ సంగతి. కళ్యాణ వేదికలో ఇచ్చిన రసీదు, పురోహితుడు రాసిచ్చిన కాగితం, శుభలేఖ ఇవన్నీ పెళ్ళి జరిగిందనడానికి ఆధారాలు. అమెరికా వాళ్ళు అడిగేది మాత్రం ప్రభుత్వ రిజిస్ట్రారు ఇచ్చిన సర్టిఫికెట్. హిందూ వివాహ చట్టం 1955 కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అది వస్తుంది. దంపతులిద్దరూ సాక్షులతో వెళ్ళి సంతకాలు పెట్టాలి, అందుకే ఆ మూడు వారాలు మీకు అంత ముఖ్యం. ఆయన విమానం దిగాక ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెడితే పండగ సెలవులు, సర్వర్ డౌన్లు కలిసి మూడు వారాలూ ఇట్టే అయిపోతాయి. మీరు ఇప్పుడే ఒకసారి ఆఫీసుకు వెళ్ళి, వరుడు అమెరికా పౌరుడైతే ఏమేం అడుగుతారో కనుక్కోండి. ఆయన పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉంటే అది, అంతకుముందు పెళ్ళి కాలేదనే అఫిడవిట్ సిద్ధంగా ఉంచుకుంటే సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

సర్టిఫికెట్ చేతికి వచ్చిన నిమిషమే కౌంటరు దగ్గర నిలబడి చదవండి. ఇద్దరి పేర్లలో ఒక్కో అక్షరం, తండ్రుల పేర్లు, పెళ్ళి తేదీ, పెళ్ళి జరిగిన చోటు చూడాలి. పెళ్ళి తేదీ దగ్గర రిజిస్ట్రేషన్ తేదీ పడిన సర్టిఫికెట్లు నా చేతికి చాలా వచ్చాయి. ఆరోజే చెబితే సరిచేస్తారు. ఆయన వెళ్ళిపోయాక బయటపడితే మళ్ళీ టికెట్ కొనుక్కుని రావాల్సి రావచ్చు.

ఈ సందర్భంలోనే ఇంకొకటి చెప్పాలి, చదివే మిగతావాళ్ళకు కూడా పనికొస్తుంది. వీసా త్వరగా రావాలని ముహూర్తానికి నాలుగైదు నెలల ముందే "రిజిస్టర్ చేయించి పెట్టేద్దాం" అనుకునే కుటుంబాలు మన వైపు చాలా ఉన్నాయి. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అంటే అప్పటికే శాస్త్రోక్తంగా జరిగిన పెళ్ళిని నమోదు చేయడం. పెళ్ళి తంతు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ ఒక్కదానితో పెళ్ళి అయినట్టు కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వీసాల కోసం ఇలా ముందే రిజిస్టర్ చేయించుకునే అలవాటును ఆ తీర్పులోనే ప్రస్తావించింది. చంద్రగిరి దగ్గర ఒక కుటుంబానిది సరిగ్గా ఇదే కథ. సర్టిఫికెట్‌లో సెప్టెంబరు తేదీ, శుభలేఖలో ఫిబ్రవరి, ఫోటోల్లో అందరూ ఫిబ్రవరి పట్టుబట్టల్లో. ఏది నిజం పెళ్ళి అని అడిగితే ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. తంతు లేకుండా ముందుగా చట్టబద్ధంగా పెళ్ళి చేసుకోవాలంటే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ 1954 ఉంది. ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. ఆ తర్వాత ముహూర్తానికి తాళి కట్టినా, రెండు తేదీలూ దాచకుండా చెప్పుకోవచ్చు. మీ విషయంలో పెళ్ళి ముందే జరిగింది కాబట్టి ఈ చిక్కు లేదు.

ఇక పేరు. నా అనుభవంలో మన తిరుపతి, చిత్తూరు ఫైళ్ళు ఎక్కువగా ఆగేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో పొట్టి అక్షరం అవుతుంది, ఆధార్‌లో పేరు చివరికి పోతుంది, పాస్‌పోర్టులో మాయమవుతుంది. తమిళనాడు సరిహద్దు ఊళ్ళలో తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ఇనీషియల్‌గా పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు ఇంటిపేరు ఏ కాగితంలోనూ కనబడదు. లక్ష్మి అనే ఒక్క పేరే ఇంగ్లీషులో ఒకచోట కె, ఎస్, హెచ్‌లతో, ఇంకోచోట ఎక్స్‌తో ఉంటుంది.

వీటిలో మీరు ఖర్చుపెట్టి మార్చుకోవాల్సింది పాస్‌పోర్టు ఒక్కటే. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరు మొత్తాన్ని ఇంటిపేరుగా వేసి, అసలు పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" అని వేస్తారు. పేరు తెలియదని దాని అర్థం. అక్కడికి వెళ్ళాక గ్రీన్ కార్డు, సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్స్ అన్నిట్లో అదే పేరు వెంటాడుతుంది. మీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉందని రాశారు కాబట్టి, అదే ఆధారంగా తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీఇష్యూకి పెట్టండి. ముందు ఆధార్‌లో పేరు మెమోతో కలుస్తోందో లేదో చూసుకోండి, లేకపోతే అక్కడే తిప్పి పంపుతారు. భర్త ఇంటిపేరు పెట్టుకోవాలా అని కూడా అడిగారు. వీసాకు అది అవసరం లేదు. నన్నడిగితే పుట్టింటి పేరే ఉంచుకోండి. మీ చదువు కాగితాలన్నీ దాంతోనే ఉన్నాయి.

డిగ్రీ మెమో, ఓటరు కార్డు, పాన్, రేషన్ కార్డు వీటి జోలికి పోవద్దు. దరఖాస్తు ఫారాల్లో "ఇంతకుముందు వాడిన ఇతర పేర్లు" అని ఒక గడి ఉంటుంది. మీ పేరు ఎన్ని రకాలుగా ఉందో అన్నీ అందులో రాయండి. చాలామంది భయపడి ఖాళీగా వదిలేస్తారు. దానితో పాటు, ఈ పేర్లన్నీ నావే అని నోటరీ చేసిన అఫిడవిట్ ఒకటి. ఇరవై ఏళ్ళ కాగితాలన్నీ ఒకే నెలలో మారిపోయి కనబడితే చూసేవాళ్ళకు అనుమానం వస్తుంది. పాతవి పాతగానే ఉండి, తేడా ఎందుకొచ్చిందో మీరే ముందుగా చెబితే ఎవరూ పట్టించుకోరు. ఏజెంటు ప్యాకేజీ వద్దన్నది ఇందుకే.

జిల్లా పేరు గురించి కూడా కంగారు పడకండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది. అంతకుముందు కాగితాల్లో తిరుపతి, శ్రీకాళహస్తి, చంద్రగిరి అన్నీ చిత్తూరు జిల్లాలోనే ఉంటాయి, అది తప్పు కాదు. మీరు పుట్టిన పలమనేరు ఎలాగూ చిత్తూరు జిల్లాలోనే ఉంది. తేడా తెచ్చేది పుట్టిన ఊరు. సొంతూరు ఒకటి, ప్రసవం జరిగిన ఆసుపత్రి ఇంకో ఊళ్ళో, పాస్‌పోర్టులో సొంతూరు రాయించి ఉంటారు. మీరు నిజంగా ఆసుపత్రిలోనే పుట్టారా, ఏ ఊళ్ళో అని అమ్మనడిగి రూఢి చేసుకోండి. రీఇష్యూకి వెళ్తున్నారు కాబట్టి అదీ అప్పుడే సరిచేసుకోవచ్చు.

బర్త్ సర్టిఫికెట్ లేదని మీరు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. ఐ-130 పెట్టడానికి మీ బర్త్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ దశలో కావలసినవి ఆయన పౌరసత్వ రుజువు, అంటే అమెరికా పాస్‌పోర్టు గానీ నాచురలైజేషన్ సర్టిఫికెట్ గానీ, మ్యారేజ్ సర్టిఫికెట్, ఇద్దరి ఫోటోలు, మీ వివరాలతో ఐ-130ఏ, నిజమైన కాపురమని చూపే ఆధారాలు. ఫీజు 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. కట్టే ముందు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ సైటులో ఒకసారి సరిచూసుకోమనండి. పిటిషన్ ఆమోదమై నేషనల్ వీసా సెంటర్‌కు (ఇంటర్వ్యూకు ముందు ఫీజులు, కాగితాలు చూసే అమెరికా ఆఫీసు) వచ్చాక, డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి కాగితాలు అప్‌లోడ్ చేసేటప్పుడు బర్త్ సర్టిఫికెట్ కావాలి. ఆలోగా మీకు నెలల సమయం ఉంటుంది.

ఆ నెలల్లో ఏం చేయాలంటే, మొదట పలమనేరు మున్సిపాలిటీలో 1996 రికార్డు వెతికించండి. చాలాసార్లు పుట్టుక నమోదై ఉంటుంది, పేరు గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. బారసాల కాకముందే ఆసుపత్రి వాళ్ళు వివరాలు పంపేస్తారు కదా. "నా పేరుతో రికార్డు లేదు" అని ఇంటికొచ్చేస్తే లాభం లేదు. అమ్మ పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీతో వెతకమనండి. శ్రీకాళహస్తి అమ్మాయి ఒకామెకు మూడు నెలలు తిరిగాక, తల్లి పేరుతో వెతికిస్తే పావుగంటలో దొరికింది.

నిజంగా లేకపోతే రెండు దారులు. ఒకటి, రికార్డు లేదని మున్సిపాలిటీ ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి పదో తరగతి సర్టిఫికెట్, అమ్మానాన్నల అఫిడవిట్లు జతచేయడం. రెండోది, జనన మరణాల నమోదు చట్టం కింద ఆలస్య నమోదు. ఏడాది దాటిన పుట్టుకలకు మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత అది రెవెన్యూ వైపు అధికారుల చేతికి వచ్చింది, కాబట్టి మీరు ఆర్డీవో ఆఫీసులో కనుక్కోవాలి. నా సలహా, రెండూ చేయండి. ముప్పై ఏళ్ళకు తీసుకున్న సర్టిఫికెట్ ఒక్కటే పెడితే, పుట్టినప్పటి ఆధారం ఏదైనా ఉందా అని అడుగుతారు. ఆ ప్రశ్న రాకముందే స్కూలు అడ్మిషన్ రిజిస్టరు నకలు, అఫిడవిట్లు పెట్టేస్తే ఒక విడత ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి.

అఫిడవిట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నోటరీ దగ్గర దొరికే రెడీమేడ్ నమూనాల్లో విషయం ఉండదు. "ఈమె నా కూతురు, ఈ తేదీన పుట్టింది" అని రెండు వాక్యాలు రాసి స్టాంపు కొడతారు. అందులో రాసేవాళ్ళకు మీతో బంధుత్వం ఏమిటి, పుట్టినప్పుడు వాళ్ళు ఎక్కడున్నారు, ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రిలో పుట్టారు, తేదీ, తల్లిదండ్రులిద్దరి పూర్తి పేర్లు, నమోదు ఎందుకు జరగలేదు, ఇవన్నీ ఉండాలి. మీ అమ్మగారు చెప్పే మాటల్లోనే రాయించండి. ఆమెకు ఇంగ్లీషు రాకపోతే తెలుగులో రాయించి అనువాదం జతచేయవచ్చు, అదే నిజాయితీగా ఉంటుంది. సంతకం పాస్‌పోర్టులోనో ఆధార్‌లోనో ఉన్న పేరుతో కలవాలి.

అనువాదం అన్నాను కాబట్టి నా తొలి రోజుల తప్పు ఒకటి చెబుతాను. ఒక తెలుగు సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ముందు "కె." అని ఉంది. ఆ కుటుంబం నాకు తెలుసు, అందుకని అనువాదంలో ఇంటిపేరు పూర్తిగా రాశాను. మేలు చేశాననుకున్నాను. అసలులో లేనిది అనువాదంలో ఉందని అది వెనక్కొచ్చింది. వాళ్ళకు రెండు నెలలు ఆలస్యమైంది. అప్పటినుంచి కాగితంలో తప్పున్నా తప్పుతోనే అనువదిస్తాను, సీలు మీద అక్షరాలు చెదిరిపోతే చదవడానికి వీలుకాలేదని రాస్తాను. అమెరికా వాళ్ళకు కావాల్సింది అనువాదకుడి సంతకంతో ఒక ధృవీకరణ: ఈ అనువాదం పూర్తిగా సరైనది, నాకు రెండు భాషలూ వచ్చు అని. పిటిషన్‌తో పంపే అనువాదానికి నోటరీ స్టాంపు నియమమేమీ లేదు. మీ మ్యారేజ్ సర్టిఫికెట్ ఇంగ్లీషులోనే వస్తే ఆ ఖర్చు కూడా లేదు.

ఇక కాపురం నిజమని చూపే ఆధారాలు. పెళ్ళయ్యాక పది రోజులే కలిసి ఉన్నాం, జాయింట్ అకౌంట్ లేదు, మా దగ్గర ఏముంది అన్నారు. పెద్దలు కుదిర్చిన పెళ్ళికి దాని ఆధారాలు దానికి ఉంటాయి. సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్ళిచూపులు ఎప్పుడు, నిశ్చయ తాంబూలాలు ఎక్కడ, లగ్నపత్రిక, శుభలేఖ, కళ్యాణ వేదిక రసీదు, తిరుమలలో గది తీసుకున్న రసీదు, ఆయన విమానం టికెట్లు, పాస్‌పోర్టులో స్టాంపులు. వీటిని వరుసగా పెట్టి, పెళ్ళి ఎలా కుదిరిందో ఒకటిన్నర పేజీలో మీ మాటల్లో రాయండి. ఫోటోల ఆల్బం మొత్తం పెట్టకండి. ఇరవై, పాతిక ఫోటోలు చాలు. ఒక్కో ఫోటో కింద తేదీ, చోటు, ఎవరెవరున్నారో రాయాలి. మీరిద్దరే ఉన్నవాటికన్నా రెండు వైపుల అమ్మానాన్నలతో కలిసి ఉన్నవి బలంగా పనిచేస్తాయి.

పెళ్ళి తర్వాతివి ఇప్పటినుంచే పోగుచేయండి. ఆయన పంపే డబ్బు ఎవరి చేతికో కాకుండా మీ బ్యాంకు ఖాతాకే రానివ్వండి. ఆయన ఆఫీసు ఇన్సూరెన్స్‌లోనో, రిటైర్మెంట్ ఖాతాలోనో మిమ్మల్ని నామినీగా పెట్టమనండి. వాట్సాప్ మాటలు నెలకు రెండు మూడు పేజీలు, కాల్ లాగ్‌తో సహా చాలు. డిసెంబరులో ఆయన వచ్చినప్పుడు కలిసి వెళ్ళిన ప్రయాణాల టికెట్లు దాచండి. లేనిదాన్ని సృష్టించడం మాత్రం ఒక్కటి కూడా వద్దు. పాత తేదీతో అద్దె ఒప్పందం చేయిస్తామనేవాళ్ళు ఉన్నారు. అబద్ధపు కాగితం పెట్టినట్టు తేలితే అమెరికా చట్టంలో అది శాశ్వత నిషేధానికి దారితీస్తుంది. మీ పెళ్ళి నిజమైనది. దొంగ కాగితం పెట్టి దాన్నే అనుమానంలోకి నెట్టుకోకండి.

ఆయన వైపు ఐ-864 అనే ఆర్థిక హామీ పత్రం ఉంటుంది, అది నేషనల్ వీసా సెంటర్ దశలో. అక్కడి పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. 2025 లెక్కలో ఇద్దరి కుటుంబానికి 26,437 డాలర్లు, ఏటా మారుతుంది. ఉద్యోగం ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదు. ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్ (పన్ను శాఖ ఇచ్చే రిటర్న్ వివరాలు), డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం పత్రం), ఈమధ్య పే స్లిప్పులు దాచమనండి. ఆ దశలో వీసా దరఖాస్తుకు 325, ఈ హామీ పత్రానికి 120 డాలర్లు విడివిడిగా కట్టాలి.

పోలీస్ క్లియరెన్స్ చివర అన్నది రెండు కారణాలకు. అందులో పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. పాత పాస్‌పోర్టు మీద తీసుకుంటే రీఇష్యూ తర్వాత మళ్ళీ తీసుకోవాలి. రెండోది, దానికి కాలపరిమితి ఉంది, రెండేళ్ళు దాటితే పనికిరాదు. పాస్‌పోర్టు సేవ సైటులోనే దరఖాస్తు చేస్తారు, ఫీజు 500 రూపాయలు. మీరు చదువుకోసం చెన్నైలో ఉన్నానన్నారు. ఈమధ్య ఉన్న చిరునామాలన్నీ నిజంగా రాయండి. పోలీసు విచారణకు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరైనా ఉండేలా చూసుకోండి. ఇది చదివేవాళ్ళలో గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు ఉంటే, పదహారేళ్ళు నిండాక అక్కడ ఏడాది లేదా అంతకుమించి ఉంటే ఆ దేశపు పోలీస్ సర్టిఫికెట్ కూడా కావాలి. పీలేరు వైపు ఒకాయనకు కువైట్‌ది తెప్పించడానికి అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. అలాంటివాళ్ళకు మాత్రం ఇది చివరి పని కాదు, మొదటి పని.

ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్ళి అయితే, మీకు కాదని తెలుసు, వేరేవాళ్ళ కోసం రాస్తున్నాను. మొదటి పెళ్ళి ముగిసిందనడానికి కోర్టు డిక్రీ సర్టిఫైడ్ కాపీ ఉండాలి. ఊరి పెద్దల సమక్షంలో స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకులు పెడతామంటే నేను ఫైలు ముట్టుకోను. కులాచారం ప్రకారం విడాకులు చెల్లే సందర్భాలు చట్టంలో ఉన్నా, కోర్టు నుంచి ఆ మేరకు డిక్రీ తెచ్చుకోమని చెబుతాను.

ఇంటర్వ్యూ ముంబైలోని కాన్సులేట్‌లో ఉంటుంది. అప్‌లోడ్ చేసిన ప్రతి కాగితం ఒరిజినల్ చేతిలో ఉండాలి. మెడికల్ పరీక్ష కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. చిన్నప్పటి టీకా కార్డు ఉంటే అమ్మనడిగి బయటికి తీయండి. మీరు అమెరికాలో దిగే రోజుకు పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే రెండేళ్ళ షరతుల గ్రీన్ కార్డు ఇస్తారు. అది ముగియడానికి ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి, షరతులు తీసేయమనే ఐ-751 దరఖాస్తు పెట్టాలి. అప్పుడు మళ్ళీ ఇవే ఆధారాలు అడుగుతారు, కాబట్టి ఫైలు పారేయకండి.

ఈ వారం మీరు చేయాల్సినవి మూడే. ఆధార్‌లో పేరు చూసుకోవడం, పాస్‌పోర్టు రీఇష్యూకి అపాయింట్‌మెంట్ తీసుకోవడం, పలమనేరులో అమ్మ పేరుతో రికార్డు వెతికించడం. మున్సిపాలిటీ వాళ్ళు ఏం రాసిచ్చారో మీ వివరాలు కనబడకుండా ఇక్కడ పెట్టండి. రికార్డు దొరికితే పేరు చేర్పించడం ఎలాగో, దొరకకపోతే అమ్మగారి అఫిడవిట్‌లో ఏ వాక్యం తర్వాత ఏది రావాలో రాస్తాను.